నాయనతో దరోజీ గుట్టల్లో నాలుగు రోజులు

మొదటి రోజు, శుక్రవారం

మా నాయన ముప్ఫై ఏళ్లకు పైగా క్వారీలో రాయి కొట్టాడు. పని మానేసి పదేళ్లవుతున్నా, దారిలో మంచి గుండు రాయి ఏదైనా కనబడితే దగ్గరికి వెళ్లి అరచేత్తో ఒకసారి తట్టందే కదలడు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. గ్రానైటు అగ్నిశిల అని ఏటా బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. కానీ ఆ రాతితోనే బతుకంతా గడిపిన మనిషిని దాని గురించి ఒక్క ప్రశ్న అడిగింది లేదు. ఆ లోటు చాలా రోజులుగా మనసులో ఉంది.

ప్రయాణానికి కారణం మాత్రం మావాడు. ఐదో తరగతి. ఒకరోజు పుస్తకంలో ఎలుగుబంటి బొమ్మ చూపించి, "తాతా, నువ్వు కొండల్లో పనిచేసినావు కదా, దీన్ని చూసినావా?" అని అడిగాడు. నాయన బొమ్మ వైపు కాసేపు చూసి, "చూసినాలే" అని లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. కథ చెప్పమంటే అర్ధరాత్రి దాకా చెప్పే మనిషి ఆ ఒక్క మాటతో ఎందుకు ఆపేశాడో నాకప్పుడు తెలియలేదు. కర్ణాటకలో హంపీ దగ్గరున్న ఎలుగుల అడవి, దరోజీ వెళ్లాలని అనుకున్నది ఆ రోజే. మనవడికి ఎలుగులు, తాతకు గుండ్లు. రెండూ ఒకే చోట దొరికేది మా అనంతపురానికి దగ్గర్లో అక్కడే.

ఫిబ్రవరి నెలాఖరు. తెల్లవారుజామున ఐదున్నరకు కారులో బయల్దేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, కాబట్టి డ్రైవింగ్ నాదే. ఉరవకొండ దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. ఊరి మీద పడగ విప్పినట్టు నిలబడే ఆ కొండ వల్లే ఉరగకొండ అన్న పేరు ఉరవకొండ అయిందంటారు. నాయన అద్దం దించి చూస్తూ, "దేవుడి పేరో పాము పేరో ఉంటే కొండకు నాలుగు రోజులు ఆయుస్సు ఎక్కువ" అన్నాడు.

విడపనకల్లు దాటి బళ్లారి చేరేసరికి ఆకలి దంచేస్తోంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నేను వచ్చీరాని కన్నడంలో మొదలుపెట్టబోతే హోటలబ్బాయి "చెప్పక్కా" అన్నాడు తెలుగులోనే. ఇందులో వింతేమీ లేదు. మా అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపడి పుట్టిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే బళ్లారి మైసూరులో కలిసింది. రాష్ట్రాలు మారాయి గానీ ఉగ్గాని మారలేదు, పలకరింపూ మారలేదు.

బళ్లారి నుంచి హోస్పేట దారంతా లారీలు. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద ఎర్రటి దుమ్ము. ఇనుప ఖనిజం తవ్వకాలు శృతి మించిపోయి 2011లో సుప్రీంకోర్టు ఆపేయమనేదాకా వెళ్లిన జిల్లా ఇది. తోరణగల్లు దాటాక దుమ్ము కొంచెం కొంచెంగా తగ్గింది. అప్పుడు మొదలయ్యాయి గుట్టలు. కళ్లంలో రాశి పోసిన శనక్కాయల్లా గుండ్లు, గుండ్ల మీద గుండ్లు, ఇప్పుడే దొర్లిపడతాయేమో అన్నట్టు. మావాడు సీటు మీద మోకాళ్లేసి నిలబడి, "తాతా, ఎవరు పెట్టినారు ఇవన్నీ?" అన్నాడు.

"ఎవరూ పెట్టలేదురా. చుట్టూ ఉండే మన్ను పోయింది, ఇవి మిగిలినాయి" అన్నాడు నాయన.

నేను బ్రేకు మీద కాలు వేసినంత పని చేశాను. భూమి లోతుల్లో చల్లారి గట్టిపడిన గ్రానైటుకు అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి, లక్షల ఏళ్ల పాటు మూలల్ని, అంచుల్ని మెత్తబరుస్తుంది. మెత్తబడిందంతా వానలకు కొట్టుకుపోయాక గట్టి గుండెకాయలాంటి భాగం గుండ్రంగా మిగులుతుంది. నేను డిగ్రీలో చదివి తెలుసుకున్న సంగతి అది. నాయన ఎవరు చెప్పగా తెలుసుకున్నాడు? అడిగాను. "కొండ తవ్వితే లోపల కనబడుతుంది కదా పాపా. పైన గుండు, కింద మన్నులో ఇంకా గుండు కాని గుండు" అన్నాడు.

హంపీ పక్కనున్న కమలాపురంలో గది తీసుకున్నాం. సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చున్నాం. విజయనగర కాలం నాటి చెరువు, ఇప్పటికీ కింద వరి, అరటి, చెరకు పండిస్తోంది. ఆ రాత్రి తొందరగా పడుకున్నాం.

రెండో రోజు, శనివారం

చీకటితోనే లేచి మాతంగ కొండ ఎక్కాం. నాయనకు అరవై ఎనిమిది. మెట్ల దగ్గర ఆగి, "మీరు పోతా ఉండండి, నేను నిదానంగా వస్తా" అన్నాడు. మేం వెళ్లలేదు, ఆయన నడకకే మా నడక కలిపాం. పైకి చేరేసరికి సూర్యుడు బెత్తెడు పైకొచ్చేశాడు. కింద అచ్యుతరాయల గుడి, అరటి తోటలు, వాటి మధ్య వంకర తిరుగుతూ తుంగభద్ర. నది అవతల అంజనాద్రి. ఇదే కిష్కింధ అని, వాలికి భయపడి సుగ్రీవుడు తలదాచుకున్నది ఈ మాతంగ మహర్షి కొండ చుట్టుపక్కలే అని ఇక్కడి నమ్మకం. కోతులు యుద్ధంలో విసురుకున్న రాళ్లే ఈ గుండ్లని చెబితే మావాడు వెంటనే నమ్మేశాడు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని నేను చెబితే మాత్రం నమ్మకం కుదరనట్టు చూశాడు.

కొండ మీద నాయన అసలు పని మొదలుపెట్టాడు. ఒక పెద్ద బండ వాలు మీద కూర్చుని, చేతిలోకి ఒక గులకరాయి తీసుకుని తట్టాడు. "వినండి" అన్నాడు. కంగుమంది, గుడిగంట దూరం నుంచి మోగినట్టు. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తట్టాడు. ఈసారి డొల్లగా, తడిసిన తప్పెట మీద కొట్టినట్టు మోగింది. "ఇక్కడ పొర లేచింది. పైకి కనబడదు. లోపల గాలి ఉంది."

మావాడు బండకు చెవి ఆనించాడు. నేనూ ఆనించాను. పొద్దుటి ఎండకు పైన గోరువెచ్చగా ఉంది గానీ, చెంప ఆనించి కాసేపు ఉంటే లోపలి చల్లదనం తెలుస్తుంది. నాయన తడుతూ ఉంటే మోత మారే చోటల్లా మావాడు వేలితో గీత గీశాడు. చూస్తే ఆ గీత ఒక చాపంత మేర చుట్టూ తిరిగింది. ఉల్లిపాయ మీద పొరలా గ్రానైటు పలకలు పలకలుగా ఊడటం గురించి నేను పాఠం చెప్పేది దీని గురించే. మీద ఉన్న బరువు తొలగిపోయాక, కింద నొక్కుకుని ఉన్న రాయి ఒళ్లు విరుచుకున్నట్టు పొర పొరగా విడిపోతుంది. ఇన్నేళ్లలో ఆ పొర మోత నా చెవితో వినడం అదే మొదలు.

"మేం దీన్ని మంట పెట్టి లేపేవాళ్లం" అన్నాడు నాయన. "బండ మీద కట్టెలు పేర్చి కాలిస్తే పొర ఉబ్బి విడిపోతుంది. మంటను మెల్లగా జరుపుకుంటా పోవల్ల. తొందరపడితే పలక ముక్కలైపోతుంది. తడతా ఉంటే ఎంత దూరం విడిపోయిందో మోతే చెబుతుంది." ఇంటి ముందు పరచిన బండలు, చేల గట్లకు పాతిన కల్లు కూసాలు అన్నీ ఒకప్పుడు అలా లేచినవేనట.

దిగేటప్పుడు దారి పక్కన ఒక గుండు మీద వరసగా చిన్న చిన్న గుంటలు కనిపించాయి. అగ్గిపెట్టె దూరేంత నలుచదరపు గుంటలు, జానెడు జానెడు ఎడంగా, తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో. హంపీలో ఇలాంటివి వందల గుండ్ల మీద ఉన్నాయి. విజయనగరం కట్టిన రాతిపనివాళ్లు బండను చీల్చడానికి తొలిచిన గుంటలివి. వాటిలో ఎండు చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తే చెక్క ఉబ్బి బండ చీలేదని చెబుతుంటారు. నాయన చూపుడువేలు ఒక గుంటలో పెట్టాడు. తర్వాత దాని పక్కదాంట్లో, ఆపైన ఇంకోదాంట్లో. వరసంతా అలా వేలితో నడిచాడు.

"ఇనుప మేకులే కొట్టింటారు" అన్నాడు చివరికి. "మేమూ ఇట్లే. రాయికి వాటం ఉంటుంది పాపా, చెక్కకున్నట్టే. వాటం పట్టి తొలిస్తే పది మేకులకే పెసర బద్దలా విడిపోతుంది. ఈయప్పకు వాటం బాగా తెలుసు." అయిదువందల ఏళ్ల కిందటి ఆ పనివాణ్ని నిన్న మొన్న పక్కన పనిచేసిన మనిషిలా 'ఈయప్ప' అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

ఆ గుండు మాత్రం చీలలేదు. గుంటలన్నీ తొలిచి, మేకులు కొట్టకుండా వదిలేశారు. "ఎందుకు ఆపేసినాడో" అంటూ నాయన నాలుగైదు సార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం భోజనం కాగానే దరోజీ బయల్దేరాం. దరోజీ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది బుర్రకథ ఈరమ్మ గారు. 2014లో కన్నుమూశారు. తెలుగు మాట్లాడే బుడగ జంగాల ఇంట పుట్టి, వేల పంక్తుల కథలు నోటితోనే మోసిన మనిషి. ఆమె ఊరి పేరే ఈ ఎలుగుల అడవికీ ఉంది. 1994లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ తర్వాత బుక్కసాగరం అడవిని కూడా చేర్చడంతో విస్తీర్ణం సుమారు 82 చదరపు కిలోమీటర్లయింది. కమలాపురం నుంచి దగ్గరే.

దట్టమైన అడవిని ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. ఇది ముళ్లపొదల అడవి. రేగు, పరికి, కలే పొదలు, అక్కడక్కడా ఆకులు రాల్చి ఎర్రగా పూసిన మోదుగ, మధ్య మధ్యలో గుండ్ల గుట్టలు. ఎలుగుకు కావలసినవీ ఇవే. తినడానికి పండ్లు, తేనె, చీమలు, చెదలు. ఎండకు, పిల్లలకు చాటుగా గుండ్ల కింద సందులు. మన వైపు ఎలుగుకు కొండ గుహే ఇల్లు. గుండు కింద గుండు, వాటి నడుమ నేల చల్లగా ఉండే సందు. మే నెల ఎండలో బయట బండ మీద కాలు పెట్టలేకపోయినా, అంత రాయి కింద ఆ సందు చల్లగానే ఉంటుంది.

వాచ్ టవర్ ఎదురుగా ఉన్న గుట్టను కరడికల్లు గుడ్డ అంటారు. కన్నడంలో కరడి అంటే ఎలుగు, కల్లు అంటే రాయి. మావాడు వెంటనే పట్టుకున్నాడు: "అయితే గుంతకల్లులో కల్లు కూడా రాయేనా? విడపనకల్లు?" అవును, తోరణగల్లూ అంతే. మా జిల్లా పేర్ల నిండా రాళ్లే ఉన్నాయని పదేళ్ల పిల్లాడు చెబితే గానీ నేను గమనించలేదు.

మేం చేరేసరికే అటవీ సిబ్బంది గుట్ట మీది బండలకు బెల్లం, తేనె కలిపిన తీపి ముద్ద పూసి వచ్చేశారు. ఆ తీపికే ఎలుగులు దిగుతాయి. ఒక గంట చూశాం. ముందు నెమళ్లు వచ్చాయి, తర్వాత ఒక ముంగిస. మావాడి చేతిలోని బైనాక్యులర్స్ లాక్కుని నాయన ఒక పొద వైపు చూసి "జిట్టకోడి" అన్నాడు. ఒంటి నిండా తెల్ల చుక్కలున్న ఎర్రటి పుంజు, వెనక మట్టిరంగు పెట్ట. పక్షుల పుస్తకాల్లో పెయింటెడ్ స్పర్‌ఫౌల్ అని రాస్తారు, ఇలాంటి రాతి గుట్టల పొదల్లోనే ఉంటుంది.

ఎలుగు మాత్రం రాలేదు. టవర్ మీదికి ఒక పెద్ద బృందం వచ్చింది. ఫోనులో పాటలు, కేకలు. వాచర్ రెండుసార్లు నోటి మీద వేలు పెట్టి చూపించాడు. వాళ్లు అరగంటలో విసుగెత్తి వెళ్లిపోయారు, కానీ అప్పటికే వెలుతురు తగ్గిపోయింది. ఎదురుచూస్తున్నంత సేపూ నాయన తన చిన్నతనంలో ఊరికి వచ్చే ఎలుగుబంటి ఆటవాళ్ల గురించి చెప్పాడు. ముక్కు కుట్టి తాడు కట్టేవాళ్లట. జ్వరమొచ్చిన, దడుసుకున్న పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు. వెంట్రుకలు తాయెత్తులో పెట్టి అమ్మేవాళ్లు. "నన్నూ కూర్చోబెట్టినారు. నాకు దానికంటే దాని ముక్కు చూసే ఎక్కువ దడుపు" అన్నాడు. ఆ ఆట చట్టప్రకారం ఎప్పుడో నిషేధమైనా, చివరి ఎలుగులకు ఆ తాడు నుంచి విముక్తి దొరికింది 2009లోనే. ఆటవాళ్లకు వేరే బతుకుతెరువు చూపించాకే అది సాధ్యమైంది.

తిరిగి వస్తుంటే మావాడు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. రేపు మళ్లీ వద్దామని మాటిచ్చాను.

మూడో రోజు, ఆదివారం

ఉదయం ఉగ్రనరసింహుణ్ని చూశాం. కృష్ణదేవరాయల కాలంలో, 1528లో, ఏకశిలలో చెక్కిన విగ్రహం. ఎత్తు 6.7 మీటర్లు. నాయన విగ్రహం ముఖం కంటే వెనక వైపు ఎక్కువ సేపు చూశాడు. ఎక్కడినుంచో తెచ్చి నిలబెట్టింది కాదు, ఉన్నచోటే ఉన్న గుండులోంచి తీసిన నరసింహుడు. తర్వాత పొదల దారిన కాసేపు తిరుగుతుంటే గుండు మీద ఒక పిగిలిపిట్ట వాలింది. గొంతు దగ్గర పసుపు పూసినట్టు ఉంది. ఈ పసుపు గొంతు పిగిలి ప్రపంచంలో దక్షిణ భారతపు రాతి కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మన పాతవాళ్లు పెట్టిన పేరు కొండ పొదపిగిలి. పేరులోనే దాని ఇల్లు ఉంది. కొండ పోతే పేరూ పోతుంది, పిట్టా పోతుంది.

మధ్యాహ్నం మళ్లీ టవర్ ఎక్కాం. ఈసారి మాతో పాటు ఒక వయసు మళ్లిన జంట మాత్రమే ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాలుగు దాటింది. గుట్ట నీడ నెమ్మదిగా కిందికి జారుతోంది.

ముందు నాయనే చూశాడు. నోరు తెరవకుండా మావాడి భుజం నొక్కి, గడ్డంతో చూపించాడు. రెండు గుండ్ల నడుమ ఉన్న నల్లటి నీడ కదిలింది. కదిలి, ఒక తల అయింది. తల పైకెత్తి గాలిలో వాసన చూసింది. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత దొర్లుతున్నట్టు నడుస్తూ బండ మీదికి వచ్చింది. దాని వీపు మీద ఇంకో చిన్న నలుపు ఉంది.

"పిల్ల" అన్నాడు మావాడు, వినబడీ వినబడకుండా.

ఎలుగు జాతుల్లో మన వైపు ఉండే ఈ ఎలుగుకు తప్ప మిగతావాటికి పెద్దగా లేని అలవాటు ఇది. చలికాలంలో గుహలో ఈనుతుంది. రెండు మూడు నెలలయ్యాక పిల్లను వీపు మీద ఎక్కించుకుని బయటికి వస్తుంది. నెలల తరబడి ఆ వీపే దాని లోకం. తల్లి బెల్లం పూసిన బండ దగ్గర ఆగింది. పిల్ల జారి దిగింది, రాయి నాకింది, వెంటనే మళ్లీ తల్లి జూలు పట్టుకుని ఎక్కేసింది. తల్లి ముందుకాలు బండ మీద ఆనించినప్పుడు బైనాక్యులర్స్‌లో గోళ్లు కనిపించాయి. పొడవుగా, కొడవళ్లలా వంకర తిరిగి, తెల్లగా. చెదల పుట్టను పగలగొట్టేది వాటితోనే. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదల్ని గాలితో పాటు లాగేసుకుంటుంది. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుందని వాచర్ చెప్పాడు.

పావుగంట చూశాం. అంతలో గుట్ట అవతల ఏదో చప్పుడైంది. తల్లి ఒక్కసారి తల తిప్పింది, పిల్ల అతుక్కుపోయింది, రెండూ కలిసి గుండ్ల సందులోకి వెళ్లిపోయాయి. బైనాక్యులర్స్ నాయనకు ఇద్దామని చూశాను. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

రాత్రి గదిలో మావాడు నిద్రపోయాక, బయట అరుగు మీద కూర్చుని నాయన చెప్పాడు. నేనేమీ అడగలేదు.

"నువ్వు అప్పుడు ఆరో తరగతి. చలికాలం. కొండకు తూర్పు పక్క పెద్ద బండ, దాని కింద సందు. బండను పేల్చే మందు కూరేదానికి పోతే వాసన తగిలింది. ఎలుగు వాసన నాకు తెలుసు. లోపల్నుంచి సన్నగా కుయ్‌మని సప్పుడు. మేస్త్రీకి చెప్పినా. కుక్కపిల్లలయ్యుంటాయి, లారీలు వచ్చి నిలబడినాయి, కానీయ్ అన్నాడు. నేను రెండోసారి చెప్పలేదు పాపా. చెప్పుంటే ఆపుతాండె ఏమో. కూలి పోతాదని భయం. అంటించినారు."

కాసేపు ఆగాడు.

"మూడు రాత్రులు వచ్చింది ఆ తల్లి. పొద్దున పోయి చూస్తే పగిలిన రాళ్ల మీద గోళ్ల గీతలు. తెల్లగా. ఒక్కో రాయి లాగి పక్కన పెట్టింది. ఆ రాళ్లే మళ్లీ మేము లారీకి ఎత్తినాము."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. ఆ ఏడాది నా స్కూలు ఫీజు కట్టింది ఆ లోడు కూలితోనే అయుంటుంది. ఎలుగు బొమ్మ చూసి ఎందుకు లేచి వెళ్లిపోయాడో ఇప్పుడు తెలిసింది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఊళ్లలోకి ఎలుగుబంట్లు వచ్చాయని మేం పేపర్లో చదువుతూనే ఉంటాం. గుడిలోకి దూరిందని, చేలో మనిషి మీద పడిందని, జనం తరిమారని. ఎలుగులు ఊరి మీద పడుతున్నాయని రాస్తారు. గుండ్లు పోయిన కొండలో పగలు ఎక్కడ పడుకోవాలి, పిల్లల్ని ఎక్కడ దాచుకోవాలి అన్నది ఆ వార్తల్లో ఉండదు. ఒక్క గుట్టను పలకలు కోసి అమ్మేస్తే పోయేది రాయి ఒక్కటే కాదు. అలాంటి సందును మనం కట్టి ఇవ్వలేం. అది తయారవడానికి పట్టిన కాలం మన లెక్కలకు అందదు. రోడ్డుకీ ఇంటికీ రాయి కావాలని నాకూ తెలుసు, నేను పెరిగిందే ఆ కూలితో. అయినా ఏ కొండ ముట్టుకోవాలి, ఏ కొండ వదిలేయాలి అని కొట్టక ముందు ఎవరైనా వెళ్లి చూడాలి కదా. ఒక మనిషి వాసన పట్టి చెబితే వినాలి కదా.

నాలుగో రోజు, సోమవారం

పొద్దున్నే గది ఖాళీ చేశాం. బళ్లారి దాకా ఎక్కడా ఆగలేదు. మన సరిహద్దు దాటాక నాయన, "మనూరి మీద పోదాం పాపా" అన్నాడు. చుట్టుదారి. అయినా తిప్పాను.

పన్నెండేళ్ల తర్వాత ఆ కొండ దగ్గరికి వెళ్లడం. క్వారీ మూతపడి చాలా కాలమైంది. తూర్పు వైపు కొండ లేదు. నిలువునా కోసిన గోడ, కింద పచ్చటి నీళ్లు నిలిచిన గుంత, అంచున తుప్పు పట్టిన ఇనుప తాడు. గోడ మీద డ్రిల్లు దించిన గీతలు పై నుంచి కింద దాకా వరసగా ఉన్నాయి. మావాడు వాటిని చూసి, "హంపీలో గుంటల్లాగే ఉన్నాయి తాతా" అన్నాడు. నాయన తల ఊపాడు.

పడమటి వైపు మాత్రం సగం కొండ మిగిలింది. రేగు పొదల నడుమ మేకల దారి పట్టుకుని కొంచెం దూరం నడిచాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒక పొద పక్కన నాయన ఆగి వంగాడు. నేల మీద పేడకడిలా నల్లగా, దాని నిండా రేగు గింజలు. పుల్లతో కదిపి చూశాడు. ఇంకా ఎండలేదు. తలెత్తి ముందుకు చూశాడు. ముప్ఫై అడుగుల దూరంలో ఏనుగంత గుండు, ఇంకో బండ మీద వాలి ఉంది. వాటి కింద నల్లటి సందు. గాలి అటునుంచి ఇటే వీస్తోంది. నాకేమీ తెలియలేదు గానీ, నాయన ముక్కుపుటాలు అదిరాయి.

మావాడు దారి పక్కన ఉన్న బండ దగ్గరికి వెళ్లి, మాతంగ కొండ మీద నేర్చుకున్నట్టు గులకరాయి తీసి తట్టబోయాడు. నాయన రెండంగల్లో వెళ్లి వాడి చేయి పట్టుకున్నాడు. గులకరాయి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. నోటి మీద వేలు పెట్టి, వెనక్కి నడవమని సైగ చేశాడు.

వచ్చిన దారినే, అడుగు చప్పుడు కాకుండా కిందికి దిగాం. మమ్మల్నిద్దర్నీ ముందు ఎక్కించి, కారు తలుపు మెల్లగా దగ్గరికి లాగి, రెండు చేతులతో నొక్కి మూశాడు నాయన.